ఒకే క్లబ్‌లో మొదలై అక్కడే ముగిసిన ఫుట్‌బాల్ జీవితాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూన్ వస్తే యూరప్‌లో ట్రాన్స్‌ఫర్ల సంత మొదలవుతుంది. ఎవరు ఎన్ని కోట్లకు ఎక్కడికి వెళ్తున్నారన్న వార్తలతో ఫోన్ మోగుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే మా స్నేహితుల్లో ఎవరో ఒకరు "ఆ రోజుల్లో మాల్దీనీ ఉండేవాడురా" అని మొదలుపెడతారు. జీవితమంతా ఏసీ మిలాన్‌కే ఆడిన ఇటలీ డిఫెండర్ అతను. ఇక అర్ధరాత్రి దాకా అదే వాదన. ఆ వాదనల్లో పదేపదే వచ్చే ప్రశ్నలూ, నాకు తోచిన జవాబులూ ఇవి. కొన్నిచోట్ల నా పక్షపాతం కనిపిస్తుంది, ముందే చెబుతున్నాను.

వన్ క్లబ్ ప్లేయర్ అంటే ఎవరు?

ప్రొఫెషనల్‌గా ఆడిన మొదటి మ్యాచ్ నుంచి చివరి మ్యాచ్ దాకా ఒకే క్లబ్ జెర్సీ వేసుకున్న ఆటగాడు. దేశం తరఫున ఆడటం ఈ లెక్కలోకి రాదు. చిన్నప్పుడు వేరే అకాడమీలో నేర్చుకున్నా పర్వాలేదని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ర్యాన్ గిగ్స్ పిల్లవాడిగా మాంచెస్టర్ సిటీ శిక్షణ కేంద్రంలో ఉన్నాడు. అయినా అతన్ని మాంచెస్టర్ యునైటెడ్ మనిషి కాదనేవాళ్లు ఎవరూ లేరు.

ఈ మాటని కొందరు వదులుగా వాడేస్తారు. ఒక క్లబ్‌లో చాలాకాలం ఆడి అక్కడే రిటైరైన హవియెర్ జనెత్తీ లాంటివాళ్లని కూడా ఇందులో కలిపేస్తారు. జనెత్తీ ఇంటర్ మిలాన్‌కి 19 ఏళ్లు ఆడాడు, కానీ దానికి ముందు అర్జెంటీనాలో రెండు క్లబ్బులకు ఆడి వచ్చాడు. గౌరవం అంతే, లెక్క మాత్రం వేరు.

లోన్ మీద వెళ్లొస్తే ఆ హోదా పోతుందా?

లోన్ అంటే కొంతకాలం వేరే క్లబ్‌కి అప్పుగా వెళ్లి ఆడటం. గట్టిగా లెక్క కట్టేవాళ్ల ప్రకారం పోతుంది. ఫిలిప్ లామ్ బయర్న్ మ్యూనిక్ వాడే, కానీ కుర్రాడిగా 2003 నుంచి 2005 దాకా స్టుట్‌గార్ట్‌కి లోన్ మీద ఆడాడు. వెస్ట్ హామ్ అభిమానులు సొంత ఇంటి మనిషిలా చూసుకునే మార్క్ నోబుల్ కూడా హల్, ఇప్స్‌విచ్ క్లబ్బులకు కొన్నాళ్లు వెళ్లొచ్చాడు. నన్నడిగితే లోన్ అంటే క్లబ్ పంపితే వెళ్లడమే, మనసు మార్చుకుని వెళ్లడం కాదు. పిల్లాణ్ణి హాస్టల్లో వేస్తే ఇల్లు మారినట్టు కాదు కదా.

అసలు తమాషా రిటైరయ్యాక వస్తుంది. హాంబర్గ్‌లోనే 1953 నుంచి 1972 దాకా ఆడిన ఉవే జేలర్, 1961లో ఇంటర్ మిలాన్ ఇస్తానన్న పెద్ద మొత్తాన్ని కాదన్నాడు. అలాంటివాడు రిటైరైన ఆరేళ్లకి ఐర్లండ్ వెళ్లి కార్క్ సెల్టిక్ తరఫున ఒక్క మ్యాచ్ ఆడాడు. ఏదో ప్రదర్శన మ్యాచ్ అనుకుని బరిలోకి దిగాడు. తీరా చూస్తే అది అసలు లీగ్ మ్యాచే! అందులో రెండు గోల్స్ కూడా కొట్టాడు. ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కి జీవితమంతా ఆడిన టామ్ ఫిన్నీదీ ఇదే కథ. 1960లో ఆపేసినవాడు 1963లో ఉత్తర ఐర్లండ్ క్లబ్ డిస్టిల్లరీ కోసం యూరోపియన్ కప్‌లో (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) బెన్‌ఫికా మీద దిగాడు. ఆ మ్యాచ్ 3-3తో డ్రా అయింది.

ఈ ఒక్క మ్యాచ్ పట్టుకుని వాళ్లని జాబితాలోంచి తీసేస్తే అది గుమాస్తా లెక్క అవుతుంది. నేను తీయను.

అందరూ మాల్దీనీ పేరే ముందు ఎందుకు చెబుతారు?

అంకెలు చూస్తే అర్థమవుతుంది. పావోలో మాల్దీనీ 1985 జనవరి 20న ఉదినేజే మీద ఏసీ మిలాన్ తరఫున తొలిసారి దిగినప్పుడు అతని వయసు 16. చివరి మ్యాచ్ 2009 మే 31న. ఈ మధ్యలో 902 మ్యాచ్‌లు, 7 ఇటలీ లీగ్ టైటిళ్లు, 5 యూరోపియన్ కప్‌లు. మొదటి యూరోపియన్ కప్ 1989లో, చివరిది 2007లో. అంటే రెండింటికీ మధ్య 18 ఏళ్లు. మొదటి కప్ నాటికి జట్టులో పిల్లవాడు, చివరి కప్ నాటికి దాదాపు 39 ఏళ్ల కెప్టెన్.

అయితే నా దృష్టిలో అసలు కారణం అంకెలు కాదు, ఇంటిపేరు. తండ్రి చేజరే మాల్దీనీ 1963లో మిలాన్ కెప్టెన్‌గా యూరోపియన్ కప్ ఎత్తాడు. కొడుకు సరిగ్గా 40 ఏళ్ల తర్వాత, 2003లో, అదే జట్టు కెప్టెన్‌గా అదే కప్ ఎత్తాడు. రెండూ ఇంగ్లండ్ గడ్డ మీదే జరిగాయి. మొదటిది వెంబ్లీలో, రెండోది ఓల్డ్ ట్రఫోర్డ్‌లో. మనవడు డానియెల్ కూడా 2020లో మిలాన్ సీనియర్ జట్టులోకి వచ్చాడు. మూడు తరాల ఉద్యోగం ఒకే ఆఫీసులో అన్నమాట.

ఇంకోటి, అతను పాకెట్‌లో కప్పులు వేసుకుని తిరిగిన అదృష్టవంతుడేమీ కాదు. ఇటలీ తరఫున 126 మ్యాచ్‌లు ఆడి ఒక్క పెద్ద టైటిల్ కూడా గెలవలేదు. 1994 ప్రపంచ కప్ ఫైనల్లో పెనాల్టీల్లో ఓడాడు, 2000లో యూరో (యూరప్ దేశాల కప్) ఫైనల్లో చివరి నిమిషాల్లో చేజారింది. అతను తప్పుకున్నాక నాలుగేళ్లకే ఇటలీ ప్రపంచ కప్ గెలిచింది. మిలాన్ తరఫున 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన యూరోపియన్ కప్ ఫైనల్లో మొదటి నిమిషంలోనే గోల్ కొట్టాడు. విరామానికి 3-0 ఆధిక్యం. చివరికి లివర్‌పూల్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి.

అంతటివాణ్ణి సొంత అభిమానులే ఎగతాళి చేశారట, నిజమేనా?

నిజం. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

2009 మే 24, సాన్ సిరోలో మాల్దీనీ ఆఖరి మ్యాచ్. ప్రత్యర్థి రోమా, ఎదురుగా ఆ జట్టు కెప్టెన్ ఫ్రాంచెస్కో టోటీ. మిలాన్ 3-2తో ఓడింది. మ్యాచ్ అయ్యాక స్టేడియం చుట్టూ తిరుగుతూ అందరికీ చేతులు ఊపుతూ వెళ్తుంటే, కూర్వా సుద్ అనే స్టాండ్‌లో కూర్చునే కరుడుగట్టిన అభిమాన వర్గం ఈలలు వేసింది. ఒక బ్యానర్ కట్టారు. మైదానంలో గొప్పవాడివే గానీ నిన్ను పోషించినవాళ్లని గౌరవించలేదని దాని సారాంశం. అది చాలదన్నట్టు అంతకుముందు కెప్టెన్ ఫ్రాంకో బరేజీ 6 నంబర్ జెర్సీని భారీ సైజులో వేలాడదీసి, కెప్టెన్ అంటే ఒక్కడే అని పాడారు.

కారణం పాతదే. ఆ గుంపుల నాయకులకి మాల్దీనీ ఎప్పుడూ తల వంచలేదు, ఇస్తాంబుల్ ఓటమి తర్వాత వాళ్లతో మాటామాటా పెరిగింది. వాళ్లలో ఒకణ్ణి కానందుకు గర్వంగా ఉందని తర్వాత అతనే అన్నాడు. వారం తర్వాత ఫ్లోరెన్స్‌లో చివరి మ్యాచ్ ఆడినప్పుడు మాత్రం ఫియొరెంటీనా అభిమానులు, అంటే పరాయి జట్టువాళ్లు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారే, అదే.

కథ అక్కడితో ఆగలేదు. తర్వాత మాల్దీనీ మిలాన్‌కి డైరెక్టర్‌గా తిరిగొచ్చాడు. 2022లో క్లబ్ 11 ఏళ్ల తర్వాత లీగ్ గెలవడంలో అతనికి పెద్ద భాగం ఉంది. మరుసటి ఏడాది జూన్‌లో క్లబ్ కొత్త యజమానులు అతన్ని తీసేశారు.

టోటీ రియల్ మాడ్రిడ్‌కి వెళ్లి ఉంటే ఇంకా ఎక్కువ గెలిచేవాడు కదా?

కప్పులు కచ్చితంగా గెలిచేవాడు. రోమాలో అతనికి దక్కిన లీగ్ టైటిల్ ఒక్కటే, 2000-01ది. 786 మ్యాచ్‌లు, 307 గోల్స్ చేసినవాడికి ఒక్క లీగ్ టైటిల్! ఇటలీ టాప్ లీగ్ సెరియె ఆలో 250 గోల్స్‌తో చరిత్రలో రెండో స్థానంలో ఉన్నాడు, అతనికంటే ముందు 274తో సిల్వియో పియోలా ఒక్కడే. మాడ్రిడ్ నుంచి పిలుపు నిజంగానే వచ్చింది. అంతకుముందు చిన్నప్పుడు మిలాన్ అడిగితే వాళ్లమ్మ ఒప్పుకోలేదు.

కానీ ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఒకటి మర్చిపోతారు. మాడ్రిడ్‌లో అతను పదిమంది స్టార్లలో ఒకడు. రోమ్‌లో అతను ఊరి దేవుడు. పుట్టింది రోమ్‌లో, పెరిగింది రోమ్‌లో, అభిమానించింది రోమాని. వీధిలోకి వస్తే జనం మూగుతారని స్వేచ్ఛగా తిరగలేని జీవితం. ఆ సంతోషాన్ని కప్పుల బీరువాతో తూచలేం.

చివరి రెండు సీజన్లు మాత్రం బాధాకరంగా నడిచాయి. కోచ్ స్పలెత్తీకి, అతనికి పడలేదు. 2016 ఫిబ్రవరిలో ఒక టీవీ ఇంటర్వ్యూలో తనకి దక్కుతున్న మర్యాద గురించి మాట్లాడినందుకు శిక్షణ శిబిరం నుంచి ఇంటికి పంపేశారు. రెండు నెలల తర్వాత తొరీనో మీద మ్యాచ్‌లో జట్టు 2-1తో ఓడిపోతుంటే, 86వ నిమిషంలో బెంచ్ మీంచి వచ్చాడు. మూడు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి గెలిపించాడు. అప్పటికి అతని వయసు 39. గ్యాలరీలో ఏడుస్తున్న మనుషుల్ని కెమెరా చూపిస్తూనే ఉంది.

2017 మే 28న జెనోవా మీద చివరి మ్యాచ్‌లో మహమ్మద్ సలా స్థానంలో దిగాడు. రోమా 3-2తో గెలిచింది. తర్వాత మైదానం మధ్యలో నిలబడి, రాసుకొచ్చిన ఉత్తరం చదివాడు. ఆట ముగిశాక ఏం చేయాలో తెలియక భయమేస్తోందని అంతమంది ముందు ఒప్పుకున్నాడు.

ఇంగ్లండ్‌లో ఎవరున్నారు?

చాలామందే. అంకెల్లో అందరికంటే పైన గిగ్స్. మాంచెస్టర్ యునైటెడ్‌కి 963 మ్యాచ్‌లు, 13 లీగ్ టైటిళ్లు. 1991 మార్చిలో రెక్కలు కట్టుకున్నట్టు పరిగెత్తే వింగర్‌గా వచ్చాడు. కాళ్లలో వేగం తగ్గాక యోగా చేసి, మైదానం మధ్యలోకి జరిగి, 40 ఏళ్ల దాకా నెట్టుకొచ్చాడు. 2014లో కోచ్‌ని మధ్యలో తీసేస్తే నాలుగు మ్యాచ్‌లకి అతనే మేనేజర్ అయ్యాడు. హల్ మీద సొంత మైదానం ఓల్డ్ ట్రఫోర్డ్‌లో ఆ సీజన్ ఆఖరిదైన మ్యాచ్‌లో తనని తానే సబ్‌స్టిట్యూట్‌గా పంపుకున్నాడు. ఆటగాడిగా అదే అతని ఆఖరి మ్యాచ్.

జేమీ కారగర్ చిన్నప్పుడు ఎవర్టన్ వీరాభిమాని. ఆడింది మాత్రం ఊళ్లోని బద్ధ శత్రువు లివర్‌పూల్‌కి, 737 మ్యాచ్‌లు. ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు గానీ ఇంగ్లండ్ లీగ్ ఒక్కసారీ గెలవలేదు. ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1989, 1991, 1998, 2002లలో, అంటే మూడు వేర్వేరు దశాబ్దాల్లో లీగ్ ఎత్తాడు. స్టేడియం బయట అతని విగ్రహం ఉంది. పాల్ స్కోల్స్ 2011లో రిటైరై, ఇంట్లో కూర్చోలేక ఏడు నెలలకే తిరిగొచ్చాడు, తిరిగొచ్చింది కూడా యునైటెడ్‌కే.

నా మనిషి మాత్రం మాట్ లె టిసియే. అతని గురించి చివర్లో చెబుతాను.

పాత రోజుల్లో ఆటగాళ్లకి క్లబ్ మీద ప్రేమ ఎక్కువా?

ఇక్కడే మనం కొంచెం మోసపోతాం. పాతవాళ్లు చాలామంది ఒకే క్లబ్‌లో ఉండిపోయారు నిజమే, కానీ వెళ్లే దారి ఉందా అని కూడా అడగాలి.

ఇంగ్లండ్‌లో 1963 దాకా ఒక పద్ధతి నడిచింది. ఆటగాడి కాంట్రాక్ట్ అయిపోయినా అతన్ని వదలాలా వద్దా అన్నది క్లబ్ ఇష్టం. వదలకపోతే ఇంకెక్కడా ఆడటానికి లేదు. పైగా 1961 దాకా జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది, అప్పట్లో వారానికి 20 పౌండ్లు. ఎక్కడికి వెళ్లినా అంతకుమించి రాదు. ఇందాక చెప్పిన టామ్ ఫిన్నీనే తీసుకోండి. ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచ్‌లు ఆడిన మేటి వింగర్. ఆదాయం చాలక ప్లంబర్ పని కూడా చేసుకునేవాడు. 1952లో ఇటలీ క్లబ్ పలెర్మో అతనికి 10,000 పౌండ్లు, ఇల్లు, కారు ఇస్తామంది. ప్రెస్టన్ యాజమాన్యం కుదరదని కొట్టిపారేసింది. ఫిన్నీ మళ్లీ పనిముట్ల సంచి తీసుకున్నాడు. దీన్ని విధేయత అందామా? అందాం, కానీ సగమే. తలుపుకి బయట తాళం వేసి, లోపలివాడు ఇల్లు వదల్లేదని పొగిడితే ఎలా?

లెవ్ యాషిన్ సంగతి ఇంకో రకం. 1950 నుంచి 1970 దాకా డైనమో మాస్కో గోల్‌కీపర్. ఏడాది మేటి ఆటగాడికి ఇచ్చే బలోన్ దోర్ గెలిచిన ఒకే ఒక్క గోల్‌కీపర్ ఇప్పటికీ అతనే, 1963లో. సోవియట్ యూనియన్‌లో పుట్టినవాడికి మాడ్రిడ్‌కో మిలాన్‌కో వెళ్లే ఛాన్సే లేదు. అయినా మాస్కోలోనే వేరే క్లబ్బులు ఉన్నాయి, అతను మారలేదు. 1971లో అతని వీడ్కోలు మ్యాచ్‌కి లక్షమంది వచ్చారు.

తాళం పూర్తిగా తెరుచుకున్నది 1995 డిసెంబర్ 15న. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ వేసిన కేసులో యూరోపియన్ కోర్టు తీర్పు ఇచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడు పైసా ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండా ఇంకో దేశపు క్లబ్‌కి వెళ్లొచ్చు. అందుకే ఆ తర్వాత కూడా ఉండిపోయినవాళ్లకి, అంటే టోటీ, బార్సిలోనా కెప్టెన్ పుయోల్, కారగర్‌లకి, నేను కొన్ని మార్కులు ఎక్కువేస్తాను. వాళ్ల ముందు తలుపు బార్లా తెరిచి ఉంది.

ఎక్కువమంది డిఫెండర్లు, గోల్‌కీపర్లే ఎందుకు?

మాల్దీనీ, బరేజీ, బెర్గోమి, ఫక్కెత్తి, పుయోల్, ఆడమ్స్, కారగర్, గ్యారీ నెవిల్, సెప్ మయర్, యాషిన్. జాబితా రాసుకుంటూ పోతే కనిపించేది అదే. పెద్ద క్లబ్బులు డబ్బు కుమ్మరించేది గోల్ కొట్టేవాడి కోసం, కాబట్టి అతని మీదే వల పడుతుంది. డిఫెండర్‌కి పరుగు తగ్గినా ఆటని ముందే పసిగట్టే తెలివితో 35 దాటాక కూడా నడిచిపోతుంది. గోల్‌కీపర్‌కి ఇంకా ఎక్కువ. సెప్ మయర్ బయర్న్‌కి 1966 నుంచి 1979 దాకా వరసగా 442 లీగ్ మ్యాచ్‌లు ఒక్కటీ తప్పకుండా ఆడాడు. ఆ వరస ఆగింది ఫామ్ పోయి కాదు, కారు ప్రమాదం వల్ల.

క్లబ్ కింది డివిజన్‌కి పడిపోయినా ఉండిపోయినవాళ్లు ఉన్నారా?

బరేజీ. మిలాన్ రెండుసార్లు రెండో డివిజన్‌కి వెళ్లింది. 1980లో మ్యాచ్ ఫిక్సింగ్ కుంభకోణం వల్ల, 1982లో చేతకాక. రెండుసార్లూ అతను కదల్లేదు. అప్పటికే ఇటలీ ప్రపంచ కప్ బృందంలో ఉన్నవాడు. కుర్రప్పుడు ఇంటర్ అతన్ని సెలక్షన్‌లో వద్దంది, అన్న జుసెప్పేని మాత్రం తీసుకుంది. దాంతో అన్న ఇంటర్‌కి, తమ్ముడు మిలాన్‌కి కెప్టెన్లయి ఒకే ఊళ్లో ఎదురుబొదురు నిలబడ్డారు. తమ్ముడు 20 ఏళ్లలో 719 మ్యాచ్‌లు ఆడాడు. ఇప్పుడు మిలాన్‌లో ఎవరికీ 6 నంబర్ ఇవ్వరు. మాల్దీనీ 3 నంబర్ కూడా అంతే, అతని కొడుకులు సీనియర్ జట్టులో ఆడితే మాత్రం ఇవ్వొచ్చని ఒక మినహాయింపు పెట్టారు.

మెస్సీ, గెరార్డ్, ముల్లర్ ఎందుకు ఈ జాబితాలో లేరు?

చివరి మెట్టు మీద జారారు. లేదా జార్చేశారు.

మెస్సీ 2021 ఆగస్టులో బార్సిలోనా వదిలిన రోజు గుర్తుందా? కన్నీళ్లు తుడుచుకుంటూ మైకు ముందు నిలబడ్డాడు. ఉండాలనే అనుకున్నాడు. అప్పుల్లో ఉన్న క్లబ్ లీగ్ ఖర్చుల నిబంధనల మధ్య అతని కాంట్రాక్ట్‌ని నమోదు చేయించలేకపోయింది. గెరార్డ్ లివర్‌పూల్‌కి 710 మ్యాచ్‌లు ఆడి 2015లో అమెరికా వెళ్లాడు. బార్సిలోనా నుంచి షావి కతార్‌కి, ఇనియెస్తా జపాన్‌కి. వాళ్ల పాత కెప్టెన్ పుయోల్ మాత్రం మోకాలు సహకరించక 2014లో బార్సిలోనాలోనే ఆపేశాడు, 593 మ్యాచ్‌లతో.

రోమాలో టోటీ తర్వాతి కెప్టెన్ డానియెలే దె రొస్సీ కథ నాకు మరీ కష్టంగా అనిపిస్తుంది. 616 మ్యాచ్‌లు ఆడాడు. 2019లో ఇంకో ఏడాది ఆడతానంటే, ఆటగాడిగా వద్దు, వేరే పని ఇస్తామంది క్లబ్. అతను అర్జెంటీనా వెళ్లి బోకా జూనియర్స్‌కి కొన్ని నెలలు ఆడి ఆపేశాడు. టామస్ ముల్లర్ 10 ఏళ్ల వయసులో బయర్న్‌లో చేరాడు. క్లబ్ చరిత్రలో ఎవరూ ఆడనన్ని, 756 మ్యాచ్‌లు ఆడాడు. 2025లో క్లబ్ కాంట్రాక్ట్ పొడిగించలేదు, కెనడాలోని వాంకూవర్ వెళ్లాడు.

అందుకే వన్ క్లబ్ ప్లేయర్ కావడం ఆటగాడి చేతిలో మాత్రమే ఉందంటే నేను ఒప్పుకోను. అతను ఉండాలి, క్లబ్ ఉంచుకోవాలి, మోకాళ్లు నిలవాలి. మూడూ ఒకేరోజు తెగిపోవాలి. దె రొస్సీకి ఒకటి ముందు తెగింది.

దీనికి అవార్డు ఏమైనా ఉందా?

ఉంది. స్పెయిన్‌లోని అథ్లెటిక్ బిల్బావో 2015 నుంచి ఇస్తోంది. ఇవ్వడానికి ఆ క్లబ్‌కే అర్హత ఉంది. బాస్క్ ప్రాంతంలో పుట్టిన, లేదా అక్కడ ఆట నేర్చుకున్న ఆటగాళ్లనే వందేళ్లకు పైగా తీసుకుంటోంది. అయినా స్పెయిన్ టాప్ డివిజన్ నుంచి ఒక్కసారీ పడిపోలేదు. తొలి అవార్డు లె టిసియేకి, తర్వాత వరసగా మాల్దీనీ, మయర్, పుయోల్‌లకి. 2019లో సెల్టిక్ కెప్టెన్ బిల్లీ మెక్‌నీల్‌కి. 1967లో బ్రిటన్‌కి తొలి యూరోపియన్ కప్ తెచ్చిన జట్టు అతనిది. ఆ 2019 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశాడు. ఆ ఏడాది నుంచే మహిళా ఆటగాళ్లకీ ఇవ్వడం మొదలైంది, మొదట స్వీడన్‌కి చెందిన మాలిన్ మోస్ట్రమ్‌కి.

ఒకే చోట ఉంటే డబ్బు నష్టమేనా?

ఇప్పుడు పెద్ద క్లబ్‌లో ఉంటే పెద్దగా నష్టం ఉండదు. పాతకాలంలో నష్టమే. దాన్ని కొంత పూడ్చడానికే ఇంగ్లండ్‌లో టెస్టిమోనియల్ మ్యాచ్ అలవాటు వచ్చింది. పదేళ్లు సేవ చేసిన ఆటగాడి కోసం ఒక ప్రత్యేక మ్యాచ్ పెట్టి టికెట్ల డబ్బు అతనికే ఇచ్చేవారు. ఇప్పటి కోటీశ్వరులు దాన్ని దానధర్మాలకి ఇచ్చేస్తున్నారు. 2010లో కారగర్ మ్యాచ్ ఎవర్టన్‌తో పెట్టారు. అతను లివర్‌పూల్‌కి ఒక గోల్ కొట్టి, తర్వాత చిన్ననాటి అభిమానం తీర్చుకోవడానికన్నట్టు ఎవర్టన్‌కీ ఒకటి కొట్టాడు!

మన దేశంలో ఇలాంటివాళ్లు ఉన్నారా?

ఉన్నారు, మొదటి పేరు చునీ గోస్వామి. ఎనిమిదేళ్ల వయసులో 1946లో మోహన్ బగాన్ జూనియర్ జట్టులో చేరాడు, 1954 నుంచి 1968 దాకా సీనియర్ జట్టుకి ఆడాడు. ఇంకో క్లబ్ జెర్సీ వేసుకోలేదు. అప్పటి కలకత్తాలో ఏటా ఆటగాళ్లు క్లబ్ మారే రోజులొస్తే పెద్ద డ్రామా నడిచేది. ప్రత్యర్థి ఎత్తుకుపోతాడని ఆటగాళ్లని దాచేసేవారు కూడా. ఈస్ట్ బెంగాల్ వాళ్లు కారు ఆశ చూపినా చునీ కదల్లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. పైగా ఆయన బెంగాల్ క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా రంజీ ఫైనల్ కూడా ఆడాడు. 2020లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, ఆయన పేరు మీద తపాలా బిళ్ల వచ్చింది.

పీకే బెనర్జీది ఇంకో తరహా. మొదట్లో ఒక చిన్న క్లబ్‌కి ఆడి, తర్వాత ఈస్టర్న్ రైల్వేలోనే ఉండిపోయాడు. మోహన్ బగాన్‌కి గానీ ఈస్ట్ బెంగాల్‌కి గానీ ఆటగాడిగా ఎప్పుడూ వెళ్లలేదు. మన దగ్గర ఆటంటే ఉద్యోగం. రైల్వే, పోలీసు, బ్యాంకు. పెన్షన్ వచ్చే ఉద్యోగం వదిలి ఎవరు పోతారు?

హైదరాబాద్‌కి ఇందులో చోటుందా?

ఉంది, కాకపోతే ఆటగాడి కంటే కోచ్ రూపంలో. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే సమయంలో భారత జట్టునీ నడిపించి 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి తీసుకెళ్లాడు. ఆ జకార్తా జట్టు కెప్టెన్ మన చునీ గోస్వామే. అప్పటికే క్యాన్సర్ రహీమ్‌ని తినేస్తోంది.

ఆ జట్టులోని మరో మేటి తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ కుర్రాడు. పేరు, డబ్బు కోసం 1957లో కలకత్తా వెళ్లక తప్పలేదు. ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకి మారి, అనారోగ్యంతో 30 ఏళ్లలోపే ఆట ఆపేశాడు. హైదరాబాద్ ఆటగాళ్లకి కలకత్తా రైలు ఎక్కడం అప్పట్లో మామూలే.

ఇక మన కాలానికొస్తే, 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. ఆ జట్టు రెండు మూడేళ్లలో చెల్లాచెదురైంది. 2025లో ఏకంగా క్లబ్బే పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఆటగాడు క్లబ్‌ని వదలడం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం. క్లబ్ ఊరిని వదిలేస్తే అభిమాని ఎవరిని అడగాలి?

ఇకముందు ఇలాంటివాళ్లు వస్తారా?

తగ్గుతారు, పూర్తిగా పోరు. 2025 వేసవిలో బార్సిలోనా వెంటపడుతుంటే నికో విలియమ్స్ అథ్లెటిక్ బిల్బావోతో 2035 దాకా సంతకం చేశాడు. పక్కనే రియల్ సోసియెదాద్‌లో మికెల్ ఒయార్సాబల్ 2015 నుంచి ఉన్నాడు, 2024 యూరో ఫైనల్లో గెలుపు గోల్ అతనిదే. బాస్క్ గాలిలో ఏదో ఉన్నట్టుంది. అయితే కాంట్రాక్ట్ కాగితం మీది తేదీని నమ్మి పందెం మాత్రం కాయకండి.

కొత్తగా చూడటం మొదలుపెట్టేవాళ్లు ఎవరి వీడియోలతో మొదలుపెట్టాలి?

లె టిసియే. గర్న్‌సీ అనే చిన్న ద్వీపం నుంచి వచ్చి 1986 నుంచి 2002 దాకా సౌతాంప్టన్‌కి ఆడాడు, 540 మ్యాచ్‌లు, 209 గోల్స్. పెద్ద కప్ ఒక్కటీ లేదు. ఇంగ్లండ్ తరఫున ఎనిమిది మ్యాచ్‌లే. పరుగెత్తడమంటే బద్ధకం, తిండి మీద అదుపు లేదు, కానీ బంతి అతని కాలికి తగిలితే చెప్పినట్టు వినేది. 48 పెనాల్టీలు తీసుకుంటే 47 గోల్స్. ఏటా కింది డివిజన్‌కి పడిపోతుందనుకున్న జట్టుని దాదాపు ఒంటిచేత్తో నిలబెట్టాడు. రిటైరయ్యాక ఈస్ట్‌లీ అనే చిన్న జట్టుకి సరదాగా ఆడాడు గానీ, దాన్ని నేను లెక్కలోకి తీసుకోనని పైనే చెప్పాను.

2001 మే 19. సౌతాంప్టన్ పాత మైదానం ది డెల్‌లో చివరి లీగ్ మ్యాచ్, ఎదురుగా ఆర్సెనల్, స్కోరు 2-2. గాయాలతో ఆ సీజనంతా సరిగా ఆడలేకపోయిన లె టిసియేని చివర్లో దింపారు. 89వ నిమిషంలో బంతి అతని దగ్గరికి వచ్చింది. అటు తిరిగి, ఎడమ కాలితో పైమూలకి కొట్టాడు. ఆ సీజన్ లీగ్‌లో అతను కొట్టింది ఆ ఒక్క గోలే. కొన్నాళ్లకి ఆ మైదానాన్ని కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టారు.